పోస్ట్ అపోకలిప్టిక్ ఆర్‌పీజీ సప్లిమెంట్ మీద రివ్యూ రాయాలంటే ఏం చూడాలి? చదివితే చాలా, ఆడాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒక పోస్ట్ అపోకలిప్టిక్ (నాగరికత కూలిపోయాక మిగిలిన ప్రపంచంలో జరిగే) టేబుల్‌టాప్ ఆర్‌పీజీకి (బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ ఆడే ఆటకి) 96 పేజీల రూల్స్ సప్లిమెంట్ (కోర్ పుస్తకానికి, అంటే ఆట అసలు పుస్తకానికి, తోడుగా వచ్చే అదనపు పుస్తకం) వచ్చింది. అందులో స్కావెంజింగ్ (శిథిలాల్లో పనికొచ్చేవి వెతుక్కోవడం), రేడియేషన్, బండ్లు, కొత్త మ్యుటేషన్లు (పాత్రల ఒంట్లో వచ్చే వింత మార్పులు, శక్తులు) ఉన్నాయి. దాని మీద రివ్యూ రాయాలి. చదివి రాసేస్తే సరిపోతుందా, ఆడి తీరాలా, ఆడితే ఎంత ఆడాలి?

చదివితే చాలదండి. కనీసం రెండు సెషన్లు (అంటే రెండుసార్లు కూర్చుని) ఆడాలి. అయితే అంతకన్నా ముందు ఒంటరిగా కూర్చుని కాగితం, పెన్సిల్, డైస్ పెట్టుకుని రెండు మూడు గంటలు లెక్క వేయండి. రూల్స్‌లోని లోపాలు చాలావరకు అక్కడే బయటపడతాయి. రివ్యూ చదివేవాళ్లకి మీరు చెప్పాల్సిన సంగతి ప్రధానంగా ఒకటే: ఈ పుస్తకం చేర్చాక కొరత వల్ల ప్లేయర్ల నిర్ణయాలు మారుతున్నాయా, లేక జీఎం (గేమ్ మాస్టర్, ఆట నడిపే వ్యక్తి) రాసుకోవాల్సిన లెక్కలు మాత్రమే పెరుగుతున్నాయా? బొమ్మలు, కథనం, కొత్త తుపాకుల జాబితా అన్నీ దీని తర్వాతే.

కొరతనే ఎందుకు పట్టుకోవాలంటే, ఈ జానర్‌లో ఆట నడిచేది దాని మీదే. కాకపోతే అది ఒక్కో ఆటలో ఒక్కో దారిన వస్తుంది. 1978లో వచ్చిన గామా వరల్డ్‌లో అది పాతకాలపు యంత్రం చేతికి దొరికి కూడా వాడటం తెలియకపోవడం. 1984 నాటి ట్విలైట్: 2000లో ఇంధనం, తూటాలు, విడిభాగాలు, బండి నడవాలంటే ఆల్కహాల్ బట్టీ పెట్టుకోవాలి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో కొరత మనుషుల మధ్య గొడవలుగా మారుతుంది. 2014 నాటి మ్యూటెంట్: ఇయర్ జీరోలో గెలుపు కోసం ఒంటినీ, పనిముట్టునూ పణంగా పెట్టాలి. సప్లిమెంట్ రాసినవాళ్లు తమ కోర్ ఆటలో కొరత ఏ దారిన వస్తుందో పట్టుకున్నారా లేదా అన్నది మీరు మొదట తేల్చుకోవాలి. అపోకలిప్స్ వరల్డ్ తరహా ఆటకి గ్రాముల లెక్కన బరువు రాసుకునే పట్టిక ఇచ్చారంటే, లెక్క ఎంత సరిగ్గా ఉన్నా అది వేరే ఆట వస్తువే.

మొదటి పని: పేజీల మీద గుర్తులు పెట్టండి. ప్రతి రూల్ పక్కన పెన్సిల్‌తో మూడింటిలో ఒకటి రాయండి: కొత్తది, కోర్ రూల్ స్థానంలో వచ్చింది, కోర్‌లో ఉన్నదే మళ్లీ చెప్పింది. మూడోది ఎక్కువైతే కొనేవాళ్లకి ఆ విషయం తెలియాలి. అసలు తలనొప్పి రెండో రకంతో. ‘ఇకపై గాయాలకి ఈ పద్ధతి వాడండి’ అని ఒక పేజీలో ఉంటుంది. కోర్ పుస్తకంలో ఆ గాయాల రూల్‌ని ఆధారం చేసుకున్న మందులు, కవచాలు, డాక్టర్ క్యారెక్టర్ నైపుణ్యాలు ఎలా మారతాయో ఎక్కడా ఉండదు. అలాంటప్పుడు కోర్ పుస్తకం ఇండెక్స్ తెరిచి ‘గాయం’ దగ్గర ఎన్ని పేజీ నంబర్లు ఉన్నాయో చూడండి. వాటిలో ఎన్నింటికి సప్లిమెంట్ జవాబు ఇచ్చిందో లెక్కపెట్టి ఆ అంకెనే రివ్యూలో రాయండి. ‘రూల్స్ కాస్త అసంపూర్ణంగా ఉన్నాయి’ అనడం కన్నా అది వందరెట్లు పనికొస్తుంది.

రెండోది: స్కావెంజింగ్ పట్టికని చేత్తో నడిపి చూడండి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఈ తరహా పుస్తకాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి. పట్టిక ఇలా ఉందనుకుందాం: ఒక చోట వెతికితే డీ6 (ఆరు ముఖాల డై; డీ20 అంటే ఇరవై ముఖాలది) వేయాలి. 1 నుంచి 3 వస్తే ఏమీ లేదు. 4 వస్తే మళ్లీ డీ6 వేసి, ఎంత పడితే అన్ని రేషన్లు (ఒక్కోటి ఒక మనిషికి ఒక రోజు తిండి). 5 వస్తే అలాగే డీ6 తూటాలు. 6 వస్తే పాతకాలపు వస్తువు. చూడటానికి కఠినంగానే ఉంది, సగం సార్లు ఖాళీ చేతులే. ఇప్పుడు లెక్క వేయండి. 4 పడే అవకాశం ఆరింట ఒకటి, పడితే సగటున 3.5 రేషన్లు. అంటే ఒక్కో వెతుకులాటకి సగటున 0.58 రేషన్. నలుగురు ప్లేయర్లకి రోజుకి మనిషికొకటి చొప్పున 4 రేషన్లు కావాలి. 4ని 0.58తో భాగిస్తే ఇంచుమించు 7 వెతుకులాటలు.

మరి ఒక్కో వెతుకులాటకి ఎంత సమయం పడుతుంది? గంట అని ఉంటే రోజులో 7 గంటలు తిండి వేటకే పోతాయి. ప్రయాణమా, తిండా అన్నది ప్లేయర్లు తేల్చుకోక తప్పదు, ఆట రసవత్తరంగా ఉంటుంది. పావుగంట అని ఉంటే గంటా నలభై ఐదు నిమిషాల్లో ఆ రోజు తిండి వచ్చేసినట్టే, ఆకలి అనే మాటే ఉండదు. చూశారా, ఆకలిని నిర్ణయించేది డైస్ కాదు, పక్కన రాసిన ఆ నిమిషాలు. సప్లిమెంట్లలో తరచూ కనబడకుండా పోయేది కూడా ఆ ఒక్క వాక్యమే. సమయం రాయలేదంటే ఆ పట్టిక పూర్తి కానట్టే లెక్క. రివ్యూలో మొహమాటం లేకుండా రాయండి. అలాగే ఒకే భవనంలో ఎన్నిసార్లు వెతకొచ్చో కూడా రాసి ఉండాలి. లేకపోతే ప్లేయర్లు ఒకే గిడ్డంగిలో కూర్చుని రోల్ చేస్తూనే ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు, రూల్ వాళ్లని అలా కూర్చోబెట్టింది.

తూటాల్నే డబ్బుగా కూడా వాడే ఆట అయితే ఇంకో లెక్క తప్పదు. పై పట్టికలోనే తూటాల వరస చూడండి: రోజుకి 7 వెతుకులాటలంటే సగటున 4 తూటాలు. సంతలో ఒక మందుసీసా 10 తూటాలని కోర్ పుస్తకం చెప్తుంటే, రెండున్నర రోజులకొక సీసా ఊరికే వచ్చినట్టు. తుపాకీ పేల్చడం, కొనుక్కోవడం రెండూ ఒకేసారి చౌకైపోతాయి. కోర్ ధరల జాబితా పక్కన పెట్టుకుని ఈ ఒక్క సంగతి సరిచూస్తే చాలు.

యాదృచ్ఛిక పట్టికల పరిమాణం సంగతి కూడా ఇక్కడే. 20 వరసల పట్టికలో 6 సార్లు రోల్ చేసేసరికి ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం 56 శాతం. రెండు డీ6లతో (ఒకటి పదుల అంకె, ఒకటి ఒకట్ల అంకె) 36 వరసలుండే డీ66 పట్టికలో 8 రోల్స్‌కి 57 శాతం. ‘వంద గంటల ఆటకి సరిపడా’ అని అట్ట మీద రాసి లోపల 20 వరసలే ఇస్తే, రెండో సెషన్‌కే అదే తుప్పుపట్టిన ఫ్రిజ్ మళ్లీ ఎదురవుతుంది. వరసల్ని రెండు మూడు ముక్కలుగా విడగొట్టి కలుపుకునేలా ఇచ్చారా (చోటు, దొరికిన వస్తువు, దాని లోపం), అప్పుడు చిన్న పట్టిక కూడా చాలాకాలం నడుస్తుంది.

మూడోది: కోర్ ఆట డైస్ ఎలా పనిచేస్తుందో దాన్ని బట్టి బోనస్‌లని తూకం వేయండి. ‘+2 బోనస్’ అన్న మాటకి దానంతట అదిగా అర్థం లేదు.

డీ20 ఆటలో ఒక్కో +1కి 5 శాతం. 14 లేదా అంతకన్నా ఎక్కువ రావాల్సిన చోట అవకాశం 35 శాతం. గ్యాస్ మాస్క్ +2, కొత్త మ్యుటేషన్ +2, జట్టు సహాయం +2 అని మూడూ కలవనిస్తే అది 65 శాతానికి చేరుతుంది. ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ ఎక్కువ అనిపించదు. అందుకే కొత్త వస్తువుల్లో ఒకే రోల్‌కి ఎన్ని బోనస్‌లు కలపొచ్చో జాబితా వేసుకుని, అన్నింటికన్నా ఎక్కువ కలిసే సందర్భాన్ని పరీక్షించండి. ప్లేయర్లు ఎలాగూ ఆ సందర్భాన్నే వెతుక్కుంటారు.

2డీ6 ఆటల్లో (రెండు డీ6లు కూడితే 7 నుంచి 9 వస్తే మూల్యం చెల్లించి గెలవడం, 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పూర్తి గెలుపు) +1 ఉన్న క్యారెక్టర్‌కి 7–9 పడే అవకాశం 44 శాతం, 10 అంతకన్నా ఎక్కువ 28 శాతం, 6 అంతకన్నా తక్కువ 28 శాతం. అంటే కొత్త ‘మూవ్’లలో (ఒక పని చేస్తే ఏమవుతుందో చెప్పే రూల్స్‌లో) ముందు చదవాల్సింది 7–9 వాక్యం, టేబుల్ మీద అందరికన్నా ఎక్కువసార్లు వినబడేది అదే. అక్కడ ‘జీఎం ఏదో ఒక ఇబ్బంది పెడతారు’ అని వదిలేసిన మూవ్ కన్నా, ‘దొరుకుతుంది, కానీ ఎవరో మిమ్మల్ని చూశారు, లేదా సగమే పనిచేస్తుంది, మీరే ఎంచుకోండి’ అని రాసిన మూవ్ ఎన్నో రెట్లు మెరుగు. బోనస్ +3 చేరేసరికి ఓడిపోయే అవకాశం 8 శాతానికి పడిపోతుంది. +3 తేలిగ్గా అందించే సప్లిమెంట్ తన ఆటని తానే చప్పబరుస్తుంది.

ఇక డీ6లు గుత్తిగా వేసి, కనీసం ఒకదాని మీద 6 పడితేనే గెలుపు అనే ఆటల్లో 4 డైస్‌తో అవకాశం 52 శాతం, 7 డైస్‌తో 72 శాతం. మ్యూటెంట్: ఇయర్ జీరోలో రోల్‌ని ‘పుష్’ చేసి మళ్లీ వేయొచ్చు. కానీ పుష్ చేశాక బేస్ డైస్ (పాత్ర సొంత సామర్థ్యానికి వేసేవి) మీద పడిన ప్రతి 1 ఒంటికి దెబ్బ, గేర్ డైస్ (పనిముట్టుకి వేసేవి) మీద పడిన ప్రతి 1 ఆ పనిముట్టు బోనస్‌ని తగ్గిస్తుంది. ఆ దెబ్బ నుంచే మ్యుటేషన్ పాయింట్లు (మ్యుటేషన్లు వాడటానికి ఖర్చుపెట్టేవి) పుడతాయి. ఇలాంటి ఆటకి ‘సెషన్‌కి మూడుసార్లు నష్టం లేకుండా మళ్లీ రోల్ చేయొచ్చు’ అనే కొత్త నైపుణ్యం ఇచ్చారనుకోండి. పైకి అది బహుమతి. లోపల జరిగేది వేరు: పుష్ చేయాల్సిన అవసరం తగ్గుతుంది, దెబ్బలు తగ్గుతాయి, మ్యుటేషన్ పాయింట్లు రావు, పుస్తకంలో 30 పేజీలు తీసుకున్న కొత్త మ్యుటేషన్లు వాడే సందర్భమే రాదు. చదివినప్పుడు ఇది కంటికి ఆనదు. రూల్స్ ఒకదానికొకటి ఎక్కడ తగులుకుంటాయో గీత గీసి చూసుకుంటే దొరుకుతుంది.

లెక్కలు రాసుకునే భారం. నీళ్ల రూల్ ఒక్కటి తీసుకుని పరీక్షించండి చాలు. మనిషికి రోజుకి 4 లీటర్లు అని పుస్తకం అంటే, నలుగురికి 5 రోజులకి 80 లీటర్లు. అంటే 80 కిలోలు, 20 లీటర్ల క్యాన్లు నాలుగు. ఇప్పుడు కోర్ పుస్తకంలోని బరువు మోసే రూల్ దగ్గరికి వెళ్లండి. నలుగురూ తుపాకులు, తిండి, దుప్పట్లతో పాటు ఇది మోయగలరా? మోయలేరంటే బండో, జంతువో, దారిలో బావులో ఉండి తీరాలి. పుస్తకం ఆ దారి చూపిస్తే ఆ రూల్ సాహసాన్ని పుట్టిస్తోంది. చూపించకపోతే మూడో సెషన్ కల్లా జీఎం ఆ రూల్‌ని మెల్లగా పక్కన పెట్టేస్తారు.

కొన్ని పుస్తకాలు ఈ భారం తప్పించడానికి యూసేజ్ డై వాడతాయి. 2016లో వచ్చిన ద బ్లాక్ హాక్ అనే ఆట దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది: వస్తువు వాడినప్పుడు దాని డై వేయాలి, 1 లేదా 2 వస్తే డై ఒక మెట్టు దిగుతుంది (డీ8 నుంచి డీ6కి, అలా), డీ4 మీద కూడా అలా పడితే వస్తువు అయిపోయినట్టు. దీని సగటు లెక్క తేలిక: డీ4 రెండు వాడకాలు, డీ6 మూడు కలిపి మొత్తం 5, డీ8 నాలుగు కలిపి 9, డీ10తో మొదలైతే 14, డీ12తో 20. అయితే సగటు ఒక్కటే చూడకండి. డీ6 నీళ్ల సీసా రెండు రోల్స్‌లోనే ఖాళీ అయ్యే అవకాశం ఆరింట ఒకటి. ఎడారి మధ్యలో ఆరు జట్లలో ఒక జట్టు రెండో రోజుకే దాహంతో పడిపోతుంది. అది రచయిత కోరుకున్న భయమే కావచ్చు, గమనించని లోపమూ కావచ్చు. నీళ్లు మళ్లీ నింపుకునే రూల్ పక్కనే ఉంటే మొదటిది, లేకపోతే రెండోది అని అనుకోవచ్చు.

ఎన్‌కౌంటర్లకి (దారిలో అనుకోకుండా ఎదురయ్యే శత్రువులు, ఘటనలు) కూడా ఇదే చూపు. రోజుకి 4 సార్లు తనిఖీ, డీ6 మీద 1 వస్తే ఎన్‌కౌంటర్ అంటే, రోజుకి కనీసం ఒకటి జరిగే అవకాశం 52 శాతం. అయిదు రోజుల ప్రయాణంలో సగటున 3 పైచిలుకు. ఒక్కోటి అరగంట తీసుకుంటే గంటన్నర దాటి దారిలోనే గడిచిపోతుంది. మూడు గంటల సెషన్ నడిపే జీఎంకి ఇది ముఖ్యమైన సమాచారం, పుస్తకంలో ఎక్కడా ఉండదు. మీరే లెక్కకట్టి ఇవ్వాలి.

రేడియేషన్, ఇంధనం విషయంలో ‘వాస్తవికం’ అని పుస్తకం తానే చెప్పుకుంటే, ఆ మాట మీద నిలబెట్టి అడగండి. బాంబు ధూళి రేడియేషన్ మొదట్లో చాలా వేగంగా తగ్గుతుంది: సమయం ఏడు రెట్లు అయ్యేసరికి తీవ్రత సుమారు పదో వంతు. పేలిన గంటకి ఉన్నది 7 గంటలకి పదో వంతు, 49 గంటలకి వందో వంతు, రెండు వారాలకి వెయ్యో వంతు. కాబట్టి యుద్ధం జరిగి 50 ఏళ్లయిన ప్రపంచంలో ప్రతి కూడలి దగ్గరా నిమిషాల్లో చంపే ధూళి ఉందంటే నప్పదు. ధ్వంసమైన రియాక్టర్ చుట్టూ అంటే నప్పుతుంది, అక్కడుండే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం సగం తగ్గడానికే దాదాపు 30 ఏళ్లు పడుతుంది. పెట్రోలు కూడా అంతే, మామూలుగా నిల్వ ఉంచితే నెలల్లోనే పాడవడం మొదలవుతుంది. రెండు తరాల తర్వాత బంకులో పెట్రోలు దొరికితే అది నమ్మదగ్గది కాదు. అయితే పచ్చగా మెరిసే బురద, మాట్లాడే ఎలుగుబంట్లు ఉన్న ఆటలో ఇవన్నీ పట్టుకుని తప్పులెన్నడం అన్యాయం. పుస్తకం ఏ మాట ఇచ్చిందో దాన్నే కొలవండి.

బండ్ల అధ్యాయంలో ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: నలుగురు ఒకే బండిలో ఉన్నప్పుడు డ్రైవర్ తప్ప మిగతా ముగ్గురు ప్రతి రౌండ్‌లో ఏం చేస్తారు? తుపాకీ పేల్చడం, దారి చూడటం, నడుస్తున్న బండినే బాగుచేయడం, వెనకాలవాళ్ల మీదికి ఏదో విసరడం లాంటి పనులకి రూల్స్ ఉండాలి. లేకపోతే ఛేజ్ సీన్‌లో ఒకరు ఆడతారు, ముగ్గురు చూస్తారు.

ఇక ఆడటం. ముందు సప్లిమెంట్ లేకుండా కోర్ రూల్స్‌తో ఒక చిన్న సన్నివేశం నడపండి, ఉదాహరణకి పాడుబడిన ఆసుపత్రిలో మందుల వేట. తర్వాత అదే సన్నివేశాన్ని, అవే క్యారెక్టర్లతో, సప్లిమెంట్ రూల్స్ పెట్టి మళ్లీ నడపండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మూడు విషయాలు రాసుకోండి: రోల్ చేయమన్నప్పటి నుంచి ఫలితం తేలేదాకా ఎంతసేపు పట్టింది, పుస్తకం ఎన్నిసార్లు తెరవాల్సి వచ్చింది, కొత్త రూల్ వల్ల ప్లేయర్ తన ఆలోచన మార్చుకున్న సందర్భాలు ఎన్ని. మూడోది సున్నా అయితే ఆ రూల్‌కి మీ టేబుల్ మీద పనిలేదు, ఎంత అందంగా రాసినా.

మొదటి సెషన్‌లో రూల్స్‌ని ఉన్నది ఉన్నట్టే వాడండి. జీఎంగా అనుభవం ఉన్నవాళ్లు చేసే పెద్ద పొరపాటు, లోపం కనబడగానే అక్కడికక్కడే సర్దేయడం. ఆట బాగా నడుస్తుంది, కానీ మీరు రివ్యూ రాసేది మీ సర్దుబాటు మీద అవుతుంది, పుస్తకం మీద కాదు. రెండో సెషన్ ఎందుకంటే, కొత్త రూల్ మొదటిసారి ఎలాగూ నెమ్మదిగా ఉంటుంది. అలవాటయ్యాక కూడా నెమ్మదిగానే ఉందంటే అది నిజమైన లోపం. వీలైతే రెండో సెషన్‌ని వేరే ఎవరితోనైనా జీఎం చేయించి, మీరు నోరు విప్పకుండా చూడండి. వాళ్లు ఏ పేజీ కోసం తడుముకుంటారో అక్కడ పుస్తకం అమరికలో తప్పుందని అర్థం. ఇండెక్స్, పీడీఎఫ్ బుక్‌మార్క్‌లు, పట్టికలకి పేజీ నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో విడిగా పరీక్షించక్కర్లేదు, ఇక్కడే తేలిపోతుంది.

ఇంకొకటి, చాలా రివ్యూల్లో ఉండదు. ఈ జానర్‌లో నరమాంసం, బానిసత్వం, పిల్లల చావులు తరచూ వస్తాయి. వాటిని ర్యాండమ్ పట్టికలో హెచ్చరిక లేకుండా కలిపేశారా, ముందే ప్లేయర్లతో మాట్లాడుకోమని సెషన్ జీరో సూచనలు, ఎక్స్ కార్డ్ (ఇబ్బందిగా ఉన్న విషయాన్ని ఆపమని ఎవరైనా చూపించే కార్డు) లాంటివి చెప్పారా చూసి రాయండి. మ్యుటేషన్ల వర్ణనలో నిజజీవితంలో మనుషులకుండే వైకల్యాల్ని రాక్షసత్వానికి గుర్తుగా వాడితే అదీ చెప్పండి. కొనేవాళ్ల టేబుల్ దగ్గర అలాంటి మనిషి ఉండొచ్చు.

రాసేటప్పుడు మొదటి పేరాలోనే ఇవి ఉండాలి: ఏ ఎడిషన్ కోర్ పుస్తకానికి ఈ సప్లిమెంట్, మీరు చూసింది ఏ వెర్షన్ పీడీఎఫ్ లేదా ఏ ముద్రణ, కొన్నారా ఉచితంగా వచ్చిందా, ఏ అధ్యాయాలు ఆడారు, ఏవి చదివారు మాత్రమే. చివరిది దాచొద్దు. ‘బండ్ల అధ్యాయం ఆడలేదు, చదివిన అభిప్రాయం మాత్రమే’ అని రాస్తే మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుంది. పట్టికల్ని పూర్తిగా ఎత్తి రాయకండి, మంచి వరస ఒకటి, నీరసమైన వరస ఒకటి చూపిస్తే నాణ్యత తెలుస్తుంది. సప్లిమెంట్‌లో సాహసం కూడా ఉంటే దాని రహస్యాలు విడిగా, హెచ్చరిక కింద పెట్టండి.

ఎన్ని స్టార్లు ఇవ్వాలో తోచకపోతే ఇవ్వకండి. బదులుగా అధ్యాయం వారీగా ‘అలాగే వాడొచ్చు’, ‘ఈ ఒక్క మార్పుతో వాడొచ్చు’, ‘వదిలేయండి’ అని రాయండి, మార్పు ఏమిటో కూడా ఇవ్వండి. పై స్కావెంజింగ్ ఉదాహరణకైతే ‘ఒక్కో వెతుకులాటకి గంట, ఒక్కో భవనంలో గరిష్ఠంగా మూడు’ అన్న ఒక్క వాక్యం చాలు. ప్రచురణకర్తలు తర్వాత ఎర్రాటా (తప్పుల సవరణ జాబితా) విడుదల చేసి అదే సరిదిద్దితే, తేదీ వేసి మీ రివ్యూ పైభాగంలో ఆ సంగతి చేర్చండి, పాత అభిప్రాయాన్ని చెరపకుండా.